మాంద్యం ముందుగా తాకేది నర్సు డ్యూటీ గంటల్నే

"లోకం తలకిందులైనా ఆసుపత్రులు మూతపడవు, నర్సు ఉద్యోగానికి ఢోకా ఉండదు." నర్సింగ్‌లో చేరే ప్రతి అమ్మాయికీ ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు. అందులో సగం నిజమే. అమెరికాలో 2007 డిసెంబరు నుంచి 2009 జూన్ దాకా మాంద్యం సాగింది. నిరుద్యోగం 2009 అక్టోబరుకి 10 శాతానికి చేరింది. ఆ కాలమంతా ఆరోగ్య రంగం కొత్త ఉద్యోగాలు ఇస్తూనే ఉంది. ఉద్యోగాలు పోయినవాళ్ల లెక్కలు తిరగేస్తే నర్సులు పెద్దగా కనిపించరు. అయినా ఆ రెండు మూడేళ్లు అక్కడి నర్సులను అడిగితే బతుకు గట్టిగా కుదిపేసిందనే చెబుతారు. దెబ్బ తగిలిన చోటు వేరు: కొలువు అలాగే ఉంది, చేతికొచ్చే డ్యూటీ గంటలు తగ్గాయి. గంటలను పట్టుకుని వేలాడే జీతం, బీమా, సెలవులు వాటితో పాటే జారిపోయాయి.

రోగాలు తగ్గకుండా రోగులు ఎలా తగ్గుతారనేది ముందు తేల్చుకోవాలి. అమెరికాలో పనిచేసే వయసువాళ్లలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా యజమాని ద్వారానే వస్తుంది. ఉద్యోగం పోతే బీమా పోతుంది. గుండెపోటు, రోడ్డు ప్రమాదం, కాన్పు ఎవరి కోసమూ ఆగవు. మోకీలు మార్పిడి, హెర్నియా, వెన్ను ఆపరేషన్లు ఆగుతాయి. "వచ్చే ఏడాది చూద్దాంలే" అనుకోగలిగినవన్నీ వచ్చే ఏడాదికి పోతాయి. ఆసుపత్రికి బాగా మిగిలేది కూడా సరిగ్గా ఈ ఆపరేషన్ల మీదే. బీమా పోయినవాళ్లలో కొందరు పేదల కోసం ప్రభుత్వం నడిపే మెడికెయిడ్‌లోకి మారతారు. అది ప్రైవేటు బీమా కన్నా తక్కువ చెల్లిస్తుంది. పైగా 2008లో ఆసుపత్రుల పెట్టుబడులు కరిగిపోయాయి, బాండ్ల మీద అప్పు పుట్టడం కష్టమైంది. ఆసుపత్రి ఖర్చులో పెద్దపద్దు జీతాలు, ఆ జీతాలు తీసుకునేవాళ్లలో పెద్ద గుంపు నర్సులు. అందుకే ఆపరేషన్ థియేటర్ నర్సులకు, ఆపరేషన్ తర్వాత రోగుల్ని చూసుకునే వార్డులకు సెగ ముందు తగులుతుంది. క్యాజువాలిటీకి, ఐసీయూకి చివర్లో తగులుతుంది.

ఇప్పుడు ఒక వార్డు లెక్క చూద్దాం. అక్కడి ఆసుపత్రులు నర్సుల సంఖ్యను "ఒక్కో రోగికి రోజుకు ఇన్ని నర్సింగ్ గంటలు" అని లెక్కగడతాయి. రోగికి 6 గంటలు అనుకుందాం. 30 పడకల వార్డులో 28 మంది ఉంటే రోజుకు 168 గంటలు, అంటే 12 గంటల షిఫ్టులు 14. రోగులు 21కి తగ్గితే 126 గంటలు, అంటే పదిన్నర షిఫ్టులు. రోజుకు మూడున్నర షిఫ్టుల చొప్పున నెలకు 105 షిఫ్టులు ఎగిరిపోయాయి. వారానికి మూడు షిఫ్టులు చేసే నర్సుకు నెలకు 13 పడతాయి కాబట్టి, ఇది ఎనిమిది మంది నర్సుల పూర్తి పని. ఆ ఎనిమిది మందినీ తీసేస్తే పేపర్లో వస్తుంది. తీసేయకుండా వార్డులో ఉన్న ముప్పై రెండు మందికీ పంచితే తలా మూడు షిఫ్టులు తగ్గుతాయి. ఎవరి ఉద్యోగమూ పోలేదు, అందరి జీతంలోనూ దాదాపు నాలుగో వంతు పోయింది. ఆసుపత్రులు ఎక్కువగా చేసేది ఇదే. ఏడాది తర్వాత రోగులు తిరిగొస్తే కొత్త నర్సును వెతికి తెచ్చి, పని నేర్పి, వార్డుకు అలవాటు చేయడానికి నెలలు పడుతుందని వాళ్లకు తెలుసు. అందుకే మనిషిని వదులుకోరు, గంటలు కోస్తారు.

ఈ కోతకు ఒక వరస ఉంటుంది. మొదట ఓవర్‌టైమ్, ఎక్స్‌ట్రా షిఫ్టులు ఆగిపోతాయి. తర్వాత ఏజెన్సీ ద్వారా సాధారణంగా 13 వారాల కాంట్రాక్టు మీద వచ్చే ట్రావెల్ నర్సుల వంతు. కాంట్రాక్టు పొడిగించకుండా ఊరుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత ఏ రోజుకు ఆ రోజు పిలిచే పెర్ డీమ్ నర్సులకు ఫోన్లు రావు. ఇవన్నీ అయ్యాక పర్మినెంట్ నర్సుల దగ్గరికి వస్తుంది. ముందు "ఎవరైనా ఈ రోజు ఇంటి దగ్గర ఉంటారా?" అని అడుగుతారు. నాలుగైదు వారాలు గడిచాక అడగడం మానేసి వంతులు వేస్తారు. షిఫ్టుకు రెండు గంటల ముందు ఫోన్ మోగుతుంది: రోగులు తక్కువగా ఉన్నారు, రావద్దు, కానీ ఆన్‌కాల్‌లో ఉండండి. ఆన్‌కాల్ అంటే పిలిస్తే వెంటనే వచ్చేలా సిద్ధంగా ఉండటం, దానికి ఇచ్చేది గంటకు కొన్ని డాలర్లే. ఊరు దాటకూడదు, ఇంకోచోట పనికి పోకూడదు. అప్పటికే డే కేర్‌లో పాప కోసం కట్టిన డబ్బు తిరిగిరాదు.

ఆ రోజు జీతం నష్టపోకుండా చాలామంది తమ ఖాతాలోని పెయిడ్ లీవ్ వాడేస్తారు. ఇక్కడ తెలియకుండా జరిగే నష్టం పెద్దది. నెలకు మూడు షిఫ్టులంటే 36 గంటల సెలవు. నాలుగు నెలలకు ఖాతా ఖాళీ. ఆ తర్వాత నిజంగా జ్వరమొస్తే జీతం లేని సెలవే గతి. కొన్ని ఆసుపత్రుల్లో సెలవు వాడాలా, జీతం లేకుండా ఉండాలా అన్నది నర్సు ఇష్టం, కొన్నిచోట్ల సెలవు వాడటం తప్పనిసరి. ఈ ఒక్క నిబంధనా ముందే చదివి పెట్టుకోవాలి. వంతుల పుస్తకం కూడా ఎవరికి వారు రాసుకోవాలి: తేదీ, ఫోన్ వచ్చిన సమయం, ఎవరు చేశారు, ఎన్ని గంటలు పోయాయి. వంతు తప్పి ఒకే మనిషిని మళ్లీ మళ్లీ ఇంటికి పంపితే ఆ కాగితమే మాట్లాడుతుంది. మూడు నెలల తర్వాత జ్ఞాపకం మీద చెబితే ఎవరూ వినరు.

రెండో దారి ఫ్లోటింగ్, అంటే మీ వార్డులో పని లేకపోతే ఇంకో వార్డుకు పంపడం. గంటలు నిలుస్తాయి కాబట్టి మంచిదే. కానీ థియేటర్ నర్సును ఏ పరిచయమూ లేకుండా గుండె జబ్బుల వార్డుకు తోస్తే మందుల పొరపాట్లు జరుగుతాయి. అప్పుడు జవాబు చెప్పాల్సింది పంపినవాళ్లు కాదు, వెళ్లిన నర్సే. ఏ పనులు తనకు నేర్పి సరిచూశారో, ఏవి చూడలేదో వెళ్లేముందు రాతపూర్వకంగా చెప్పడం ఎదురు తిరగడం కిందికి రాదు. మరోవైపు, మంచి రోజుల్లోనే రెండు మూడు వార్డుల పని నేర్చుకుని ఉన్న నర్సు మాంద్యంలో గంటలు అందరికన్నా తక్కువగా నష్టపోతుంది.

ఇక చట్టాల గీతలు. అమెరికాలో నెలకు 130 గంటలు, అంటే వారానికి సగటున 30 గంటలు పనిచేస్తే ఫుల్‌టైమ్ కింద లెక్క. పెద్ద యజమానులు అలాంటివాళ్లకు ఆరోగ్య బీమా ఇవ్వాలన్నది 2015 నుంచి అమల్లో ఉంది. పైన చెప్పిన నర్సుకు 13 షిఫ్టులకు 156 గంటలు. మూడు పోతే 120. గీత కిందికి వచ్చేసింది. చాలా ఆసుపత్రులు ఏడాది సగటు తీసుకుంటాయి కాబట్టి బీమా ఆ నెలలోనే పోదు. ఆలస్యంగా, గంటలు తగ్గిన సంగతి అలవాటైపోయాక పోతుంది. మూకుమ్మడి తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే 1988 నాటి వార్న్ చట్టం కూడా ఉంది. అది గంటల కోతను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కాకపోతే ఆరు నెలల్లో ప్రతి నెలా సగానికి పైగా తగ్గాలి. 156 నుంచి 120 అంటే 23 శాతం కోత, చట్టం కంటికి ఆనదు. గంటలు తగ్గినవాళ్లకు చాలా రాష్ట్రాల్లో పాక్షిక నిరుద్యోగ భృతి ఉంటుంది. అది ఉద్యోగం పోయినవాళ్లకే అనుకుని ఎందరో దరఖాస్తు కూడా పెట్టరు.

ఒకవైపు పని తగ్గుతుంటే ఇంకోవైపు పనికి వచ్చే చేతులు పెరగడం ఈ కథలో అసలు చిక్కుముడి. భర్త నిర్మాణ రంగంలోనో కార్ల ఫ్యాక్టరీలోనో ఉద్యోగం పోగొట్టుకుంటాడు. పిల్లల కోసం మానేసిన భార్య లైసెన్సు దుమ్ము దులిపి తిరిగి వార్డుకు వస్తుంది. పార్ట్‌టైమ్ చేసే ఆమె ఫుల్‌టైమ్ అడుగుతుంది. రిటైర్ కావాల్సిన 60 ఏళ్ల నర్సు పెన్షన్ ఖాతాలో డబ్బు సగమైందని చూసుకుని ఆగిపోతుంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్యూర్‌హాస్ బృందం లెక్కగట్టిన ప్రకారం, 2007, 2008 రెండేళ్లలోనే ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు సుమారు 2,43,000 ఫుల్‌టైమ్ ఉద్యోగాలకు సమానంగా పెరిగారు. అందులో 50 దాటినవాళ్ల వాటా పెద్దది. నిరుద్యోగం ఒక శాతం పెరిగితే నర్సుల లభ్యత సుమారు 1.2 శాతం పెరుగుతుందని అదే బృందం 2012లో చెప్పింది. దశాబ్దం పాటు "నర్సులు దొరకడం లేదు" అని మొత్తుకున్న ఆసుపత్రులకు ఒక్కసారిగా కొరత తీరినట్టు కనిపించింది. నర్సుల కొరత ఉందన్న మాటను నమ్మి చదివి కాలేజీ నుంచి బయటికొచ్చిన ఫ్రెషర్లకు తలుపులు మూసుకుపోయాయి. అనుభవం ఉన్న నర్సు దొరుకుతుంటే మూడు నాలుగు నెలలు జీతమిచ్చి పని నేర్పాల్సిన ఫ్రెషర్‌ను ఎవరు తీసుకుంటారు? శిక్షణ కార్యక్రమాలనే కొన్నాళ్లు ఆపేశారు. మాంద్యంలో నర్సింగ్ వృత్తి మీద పడే అతిపెద్ద అన్యాయం ఇదే. పాతవాళ్లకు గంటలు తగ్గాయి. కొత్తవాళ్లకు మొదలే లేకుండా పోయింది.

బయటి దేశాల నర్సులకు కూడా అప్పుడే దారి మూసుకుంది. 2005లో అమెరికా ప్రత్యేకంగా కేటాయించిన 50,000 వీసాలు 2006 చివరికి అయిపోయాయి. ఆ తర్వాత మాంద్యం రావడంతో వాటిని పెంచమని గట్టిగా అడిగేవాళ్లు కరువయ్యారు. ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డు ఇచ్చే, నర్సులు ఎక్కువగా వెళ్లే ఈబీ-3 కోటాలో భారతీయులకు నిరీక్షణ పదేళ్లు దాటింది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంకో రకం ముడి ఉంటుంది. భర్త హెచ్1బీ ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్‌లో, భార్య ఆయన వీసా మీద ఆధారపడే హెచ్4 పని అనుమతి మీద ఆసుపత్రిలో. కంపెనీ భర్తను తీసేస్తే 60 రోజుల గడువే. ఆలోపు ఆయనకు కొత్త యజమాని దొరక్కపోయినా, కుటుంబం ఇంకో వీసాకు మారకపోయినా, వార్డులో ఆమె కోసం ఎన్ని షిఫ్టులు ఎదురుచూస్తున్నా ఆమె పని అనుమతి నిలవదు. ఆమె ఉద్యోగ భద్రత ఆసుపత్రి చేతిలో లేదు, ఐటీ కంపెనీ చేతిలో ఉంది.

పన్నుల డబ్బుతో నడిచే వ్యవస్థలో మాంద్యం ఇంకోలా తాకుతుంది. ఐర్లాండ్ దానికి మంచి ఉదాహరణ. మన నర్సులు చాలామంది అక్కడ పనిచేస్తున్నారు కాబట్టి తెలుసుకోదగ్గది కూడా. బ్యాంకులు కూలి ఖజానా ఖాళీ అయ్యాక 2009 మార్చిలో ప్రభుత్వ ఉద్యోగాల భర్తీ ఆపేశారు. ఉన్నవాళ్లకు గంటలు తగ్గించలేదు, పెంచారు. 2013 జూలైలో వారానికి 37.5 గంటల డ్యూటీని అదే జీతానికి 39 చేశారు. వారానికి గంటన్నరే కదా అనిపిస్తుంది. ఏడాదికి 78 గంటలు, అంటే రెండు వారాలకు పైగా ఉచిత డ్యూటీ. అదే కాలంలో కొత్త నర్సులను మామూలు జీతంలో 80 శాతానికి తీసుకునే పథకం పెట్టారు. చాలామంది ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. గంటలు పెంచిన తొమ్మిదేళ్లకు, 2022 జూలైలో గానీ పాత 37.5 గంటలు తిరిగి రాలేదు.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుది నెల జీతం. గంటలు తగ్గించి జీతం తగ్గించే ఏర్పాటు మామూలుగా ఉండదు. కాబట్టి ఒత్తిడి అటు తిరిగి ఇటు వస్తుంది: జీతం అంతే, డ్యూటీ పెరుగుతుంది. నెలకు 26 రోజులు, 8 గంటల చొప్పున 208 గంటలకు 18,000 రూపాయలంటే గంటకు 87 రూపాయలు. ఇద్దరు మానేసి, వాళ్ల స్థానాలు నింపకుండా మూడు షిఫ్టులను రెండు చేసి 12 గంటల డ్యూటీ వేస్తే 312 గంటలు. అదే జీతానికి గంటకు 58. జీతం చీటీలో ఒక్క రూపాయి కూడా తగ్గినట్టు కనపడదు.

కోత మొదలయ్యే చోటు లీవ్ రిజర్వ్. మామూలు వార్డులో షిఫ్టుకు అయిదుగురు రోగులకు ఒక నర్సు, దానిపైన సెలవుల కోసం 30 శాతం అదనం అనుకుందాం. 30 పడకలకు షిఫ్టుకు ఆరుగురు, మూడు షిఫ్టులకు 18 మంది, రిజర్వ్‌తో 23. యాజమాన్యం కంటికి ఆ అయిదుగురు ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తారు. వాళ్లను తీసేసి చూడండి. వారానికి నిండాల్సిన షిఫ్టులు 126. పద్దెనిమిది మంది వారానికి ఆరు రోజులు చేస్తే 108. తక్కువ పడేవి సరిగ్గా 18, అంటే తలా ఒక వీక్లీ ఆఫ్. ఇక ఎవరూ జ్వరపడకూడదు, ఎవరింట్లోనూ పెళ్లి జరగకూడదు. ఇన్‌చార్జ్ సిస్టర్ ప్రతి శనివారం రోస్టర్ ముందు తల పట్టుకుని కూర్చునేది ఈ 18 దగ్గరే.

మన దగ్గర మాంద్యం వచ్చిందని నర్సుకు మొదట చెప్పేది జీతం పడే తేదీ. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు ఊడితే గ్రూపు బీమాలు పోయి, అమెరికాలో చూసిన గొలుసే ఇక్కడా కదులుతుంది. జిల్లా కేంద్రాల్లోని చిన్న ఆసుపత్రుల పరిస్థితి వేరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ డబ్బుల మీదే వాటిలో చాలావాటి బండి నడుస్తుంది. ప్రభుత్వ ఆదాయం బిగుసుకుంటే బకాయిలు పేరుకుంటాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేదాకా వచ్చింది. మందుల డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఆపితే సరుకు ఆగుతుంది, కరెంటు బిల్లు ఆపితే ఫ్యూజు పీకుతారు. నర్సు జీతం ఆపితే మాత్రం మర్నాడు కూడా డ్యూటీకి వస్తుంది. అందుకే ముందు ఆగేది అదే. చట్టం ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. 7 దాటి 20కి, 20 దాటి పై నెలకు జరుగుతుంటే ఆ ఆసుపత్రి పునాది కదులుతోందని అర్థం. పీఎఫ్ పాస్‌బుక్ కూడా అప్పుడే తెరిచి చూడాలి. జీతంలో కోసి ఖాతాలో కట్టని నెలలు కనిపిస్తే అది ఇంకా గట్టి సంకేతం.

జీతాలకు ఒక ప్రమాణం లేకపోలేదు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. కానీ అది సిఫారసు. కేరళలో నర్సులు పెద్ద ఎత్తున పోరాడాక 2018లో అక్కడి ప్రభుత్వం 20,000ను కనీస వేతనంగా నోటిఫై చేసింది.

ప్రభుత్వ వైపు పర్మినెంట్ నర్సుకు భయం లేదు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో కాంట్రాక్టు మీద, ఏజెన్సీల ద్వారా అవుట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకే ప్రతి మార్చి నెలాఖరూ ఒక పరీక్ష. మిషన్ ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. రెంటిలో ఎవరి చేయి బిగుసుకున్నా పొడిగింపు ఉత్తర్వు ఆలస్యమవుతుంది. అవసరం తీరాక ఏమవుతుందో 2021 జూలైలో తెలంగాణలో చూశాం. కోవిడ్ కోసం తీసుకున్న 1,600 మందికి పైగా నర్సులను తొలగించారు. పీపీఈ కిట్లలో చెమటోడ్చినవాళ్లు రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది.

ప్రైవేటులో తొలగించాలంటే కూడా పద్ధతి ఉంది. వార్డులో పనిచేసే స్టాఫ్ నర్సు చట్టం దృష్టిలో కార్మికురాలే. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉంటే నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవాళ్లు ముందు పోవాలి. 1947 నాటి చట్టంలోని ఈ నియమాలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉన్నాయి. పని లేదని ఇంట్లో కూర్చోబెడితే సగం జీతమిచ్చే లే-ఆఫ్ నిబంధన మాత్రం ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే, ఆసుపత్రులకు లేదు. ఆచరణలో పరిహారం ఎగ్గొట్టే దారి ఒక్కటే: "మీ మంచికే చెబుతున్నాం, రిజైన్ చేయండి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ బాగా ఇస్తాం" అంటారు. రాజీనామా రాస్తే అది తొలగింపు కాదు, పరిహారం రాదు. ఒత్తిడి చేస్తే ఆ మాటే కాగితం మీద ఇమ్మనండి. బయటికొచ్చాక రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చేతికి అందాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటే ఇవేవీ గట్టిగా అడగలేరు. జీతం తేదీ జరగడం మొదలైనప్పుడే ఏదో ఒక పని చెప్పి వాటిని వెనక్కి తెచ్చుకోవడం మేలు.

ఇంకొక గీత ఉంది, చాలామంది నర్సులకు తెలియనిది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇస్తుంది. దానికి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఈ ఆరేసి నెలల్లో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. రోగులు తగ్గి, ఆసుపత్రి "సగం రోజులు రండి, మిగతావి లాస్ ఆఫ్ పే" అన్నప్పుడు నెలకు 13 జీతపు రోజులు పడితే ఆరు నెలలకు సరిగ్గా 78. నెలకు 12 పడితే 72, ఆ అర్ధ సంవత్సరపు చందా మీద రావాల్సిన జబ్బు భృతి పోయినట్టే. ప్రసూతి భృతికి ముందరి రెండు అర్ధ సంవత్సరాల్లో కలిపి 70 రోజులు ఉంటే చాలు కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు ఉంది. ఆగస్టు జీతం చీటీ రాగానే ఏప్రిల్ నుంచి జీతం పడిన రోజులు కూడి చూసుకోండి. 65, 66 దగ్గర ఉంటే సెప్టెంబరులో 13 రోజుల డ్యూటీ కావాలని నెల మొదట్లోనే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు కారణం చెప్పి రోస్టర్‌లో వేయించుకోవాలి. రోస్టర్ గోడకెక్కాక మార్చడం ఆమె చేతిలో కూడా ఉండదు.